నల్లనేలపై రాతి వాకిలి

నందివెలుగు మొదలుకొని రేపల్లె వరకు గల సీమయందు పొలమున ఎంత త్రవ్వినను మన్నేగాని రాయి తగులదు. కృష్ణమ్మ వేలయేండ్లుగా తెచ్చి పోసిన ఒండ్రునేల యిది. కావున ఈ సీమవారికి రాయి యెన్నడును దూరపు చుట్టమే. భట్టిప్రోలు స్తూపమునందు 1892లో బయల్పడిన రాతి భరిణెలు రెండువేల యేండ్లకు పైబడినవి. అమరావతి శిల్పములకు పలనాటి సున్నపురాయి ఆధారమైనది. అట్టి సున్నపురాతి పొరలే నేడు నాపరాళ్లై పలనాటినుండియు, బేతంచెర్లనుండియు లారీలపై మన వాకిళ్లకు వచ్చుచున్నవి.

వానకాలపు బురద వదలించుకొనుటకు వాకిట రాయి పరచుట మంచి పనియే. కాని రెండు మూడేండ్లు తిరుగకమునుపే పలకలు ఎగుడుదిగుడై, వాననీరు గుమ్మమువైపు మరలి, ముసలివారు కాలు తట్టుకొని పడుట పలుచోట్ల చూచుచున్నాము. ఇందు లోపము రాతిది కాదు, దాని క్రింది నేలది. నల్లని బంకమన్ను నీరు త్రాగి ఉబ్బును; ఎండకు ముడుచుకొని బీటలు వారును. ఏటేట జరుగు ఈ ఉబ్బు తగ్గులకు పైనున్న పలక కదలక తప్పదు.

శీతలదేశములందును ఇట్టి చిక్కే కలదు. మన తెలుగువారనేకులు కాపురముండు షికాగో, డిట్రాయిట్ నగరములలో చలికాలమున నేలలోని నీరు గడ్డకట్టును. నీరు మంచుగడ్డగా మారునపుడు నూటికి తొమ్మిది పాళ్లు పెరుగును. ఆ మంచు నేలనే పైకెత్తి రాతిబాటలను చెదరగొట్టును. రాతి సందులలో చేరి పెచ్చులూడదీయును. అందుచేత అచటివారు నీరు పీల్చని రాతినే యెన్నుకొని, దాని క్రింద కంకర దట్టముగా పరతురు. నీరు నిలువకున్న మంచు పట్టదు. అచట మంచు చేయు చెరుపును ఇచట బంకమన్ను చేయుచున్నది. రెంటికిని మందొక్కటే: రాతి క్రింద నీరు నిలువనీయరాదు.

కావున వాకిలిని జానెడు లోతు త్రవ్వించి, మన్ను తీసివేసి, కంకర పోసి దిమ్మిస కొట్టింపవలెను. దానిపై రెండంగుళముల ఇసుక గాని రాళ్లపొడి గాని పరచి పలకలు పేర్చవలెను. ఏబది అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇంటినుండి వీధివైపునకుండవలెను. పలకల నడుమ వ్రేలెడు సందు విడిచి ఇసుక నింపినచో వాననీరు కొంత నేలకు దిగును.

రాతి యెంపికయందును మెలకువ వలయును. చీమకుర్తి నల్లరాయి గట్టిదే. కాని నునుపు పెట్టినది తడిసినప్పుడు జారును. వాకిటికి గరుకు ముఖమే క్షేమము. నాపరాయి సున్నపురాయి గనుక ఆసిడుతో కడిగినచో దాని ముఖము తినివేయబడును. నీరు, చీపురు చాలును.

కడపట మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట యొకటి కలదు. రాయి యున్నదని పెరడంతయు మూయవలదు. కొబ్బరిచెట్టు మొదట చుట్టును మూడడుగులు మన్ను వదలుడు. నడచుటకు, ముగ్గు వేయుటకు, మంచము వాల్చుటకు వలసినంత మేరయే రాయి పరచుడు. మూసిన పెరడు వేసవిలో పెనమువలె కాగును. వానలో తన నీటిని పొరుగింటికి తోలును. తన బావికి చుక్క దిగనీయదు. మూలపడియున్న రుబ్బురోలు మీ యింట నున్నచో పారవేయక పెరటిలో నుంచి నీరు పోయుడు. ఎండవేళ పిచ్చుకలు వచ్చి త్రాగును.

రాయి నూరేండ్లు నిలుచునది. దాని క్రింది నేలకు ఒక్కదినము శ్రద్ధ చూపినవారి వాకిలి మనుమల కాలమునకును చదునుగా నుండును.