ఆటల కంప్యూటరు – మూత విప్పే హక్కు

(పిట్టలవానిపాలెంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించో, వైద్య ఖర్చుల గురించో మాట్లాడవలసిన వేదిక మీద ఆటల కంప్యూటరు సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది. ఈమధ్య మన సభ్యులు కొందరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మనవడు చేత్తో పట్టుకొని ఆడుకొనే కంప్యూటరు కావాలంటున్నాడు. వేలకు వేలు ఖర్చు. కొనిపెట్టవచ్చునా?" అని. పోయేది మన పెన్షను డబ్బు. ఆ వస్తువేమిటో తెలుసుకొని ఇవ్వడం న్యాయం. వోచరు చూడనిదే బిల్లు ముందుకు పంపని గుమాస్తాను నేను. అందుకని కొంత చదివి, తెలిసినవారిని అడిగి, ఈ నాలుగు మాటలు రాసుకొచ్చాను.

ముందుగా ఒక భయం తీర్చుకుందాం. ఆట అనగానే మనకు ఫోనులో పేకాట, పందేలు, అప్పులు గుర్తుకొస్తాయి. అది వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నేను చెప్పబోయేది కథ, బొమ్మ, నేర్పు కలిసిన ఆటల గురించి.

ఉదాహరణకు ఒక్క యంత్రం తీసుకుందాం. అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ 2022 ఫిబ్రవరిలో 'స్టీమ్ డెక్' అనే దాన్ని తెచ్చింది. బరువు 669 గ్రాములు. 7 అంగుళాల తెర. దాని గుండెకాయ ఏఎండీ కంపెనీవారు చేసిన చిప్పు. అందులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ భాగం రెండూ ఒకే ముక్క మీద ఉంటాయి.

ఈ గ్రాఫిక్స్ భాగం ఏం చేస్తుంది? మన ఆఫీసు లెక్కలో చెబుతాను. చిక్కుపడ్డ ఫైలు ఒకటి వస్తే సూపరింటెండెంటు గారు కూర్చొని తేల్చాలి. అది ప్రాసెసరు పని. కానీ కరువు భత్యం పెరిగింది, వందలమందికి ఒకే రకం లెక్క వేయాలి అంటే, సూపరింటెండెంటు ఒక్కరు ఎంత తెలివైనవారైనా తెల్లవారుతుంది. అక్కడ కావలసింది వరుసగా కూర్చున్న గుమాస్తాలు. తలా ఒక పేరు, అందరిదీ ఒకే సూత్రం. గ్రాఫిక్స్ చిప్పు అటువంటి గుమాస్తాల హాలు. స్టీమ్ డెక్‌లో అటువంటి గుమాస్తాలు 512 మంది.

అంతమంది ఎందుకంటే, ఆ తెర మీద అడ్డంగా 1,280, నిలువుగా 800 చుక్కలు. గుణిస్తే 10,24,000. సెకనుకు 60 బొమ్మలు మారాలంటే 6,14,40,000 చుక్కలకు రంగు నిర్ణయించాలి. ఒక్క సెకనులో! ఇంత పనీ చేస్తూ ఆ చిప్పు 4 నుంచి 15 వాట్ల కరెంటు లోపలే సరిపెట్టుకుంటుంది. ఒకప్పుడు మన వసారాలో వెలిగిన 60 వాట్ల బల్బుతో పోల్చుకోండి. ప్రాసెసరుకూ గ్రాఫిక్స్‌కూ జ్ఞాపకశక్తి కూడా ఉమ్మడిదే. ఒకే బీరువా, రెండు సెక్షన్లు. ఫైలు ఇక్కడి నుంచి అక్కడికి మోసే పని తప్పింది.

ఇటువంటి చిప్పుల రంగంలో మనవాళ్ళూ ఉన్నారు. కొవ్వూరులో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన రాజా కోడూరి గారు 2015లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. 2017లో ఇంటెల్‌కు వెళ్ళారు. స్టీమ్ డెక్ చిప్పు ఆయన చేశారని నేననడం లేదు. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లవాడికి ఆ తలుపు మూసి లేదని మాత్రం చెప్పుకోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. కుర్రవాళ్ళకు ఈ యంత్రం మీద అంత మోజు ఎందుకు? ఆటలు ఆడించే పెట్టెలు ఇదివరకూ ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం సీలు వేసిన కవర్ల వంటివి. కంపెనీ పెట్టిందే ఆడాలి, చెడితే కంపెనీయే చూడాలి. ఇది అలా కాదు. ఇందులో నడిచేది లైనక్స్ ఆధారంగా తయారైన వ్యవస్థ. కీబోర్డు, మౌస్ తగిలిస్తే మామూలు కంప్యూటరు అవుతుంది. ఉత్తరం టైపు చేసుకోవచ్చు, ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవచ్చు. ఇష్టమైతే వేరే సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించుకోవచ్చు.

దీని వెనుక చాలామంది శ్రమ ఉంది. చిప్పుకూ ప్రోగ్రాముకూ మధ్య దుబాసీ ఒకడు కావాలి. వాడినే డ్రైవర్ అంటారు. ఒకప్పుడు గ్రాఫిక్స్ కంపెనీలు ఆ దుబాసీ భాషను రహస్యంగా దాచుకునేవి. 2007లో ఏఎండీ తన చిప్పుల వివరాలను బయటి ప్రోగ్రామర్లకు విడుదల చేయడం మొదలుపెట్టింది. బ్రయాన్ పాల్ అనే ఆయన 1993లో ప్రారంభించిన 'మీసా' అనే సాఫ్ట్‌వేరు ఎందరో చేతులు వేయగా పెరిగి, ఈనాడు ఈ యంత్రంలో ఆ దుబాసీ పని చేస్తున్నది. విండోస్ కోసం రాసిన ఆటలను లైనక్స్ మీద నడిపించే 'ప్రోటాన్' అనే మరో దుబాసీని వాల్వ్ 2018లో తెచ్చింది.

మా మనవడి దగ్గర ఈ యంత్రం ఉంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చారు. కంపెనీ దీన్ని మన దేశంలో నేరుగా అమ్మకానికి పెట్టలేదు. అంటే తెనాలిలో గాని గుంటూరులో గాని సర్వీసు సెంటరు ఆశించలేము. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు దాని బొటనవేలి మీట ఒకటి మొరాయించింది. వాడు కంగారు పడలేదు. విడిభాగం ముందే తెప్పించుకున్నాడు. వెనుక మూతకు 8 స్క్రూలు. విప్పాడు. మీటకు మరో 3 స్క్రూలు. పాతది తీశాడు, కొత్తది పెట్టాడు. "ఇదేమిట్రా, మా రేడియో వెనుక అట్ట విప్పినట్టు విప్పేశావు?" అన్నాను. "విప్పడానికి వీలుగానే చేశారు తాతయ్యా, అందుకే ఇది కావాలన్నాను" అన్నాడు. అంతకుముందు వాడికి వేరొక కంపెనీ ఆటపెట్టె ఉండేది. బ్యాటరీ ఉబ్బితే, విప్పడం కుదరదు, కొత్తది కొనుక్కోమన్నారు దుకాణంవారు. ఆ డబ్బు నీళ్ళలో పోసినట్టే అయింది.

మన వంటి పల్లెల వారికి ఈ తేడా చిన్నది కాదు. పట్నంవాడికి చెడితే మార్చుకొనే దుకాణం ఉంటుంది. మనకు ఉండేది స్క్రూడ్రైవరు, పిల్లవాడి బుర్ర. ఈ యంత్రం విడిభాగాల అమ్మకానికి 2022లోనే ఏర్పాటు జరిగింది. పైపెట్టె కొలతల పటాలను కూడా కంపెనీ అదే సంవత్సరం బయటపెట్టింది.

ఈ ఆలోచన మన దేశానికి కొత్తదేమీ కాదు. బెంగుళూరులో సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మరికొందరు ఇంజనీర్లతో కలిసి 'సింప్యూటర్' అనే చేతి కంప్యూటరును రూపొందించి 2001లో నమూనా చూపారు. అదీ లైనక్స్ మీదనే నడిచింది. దాని నిర్మాణ వివరాలను ఇతరులు వాడుకొనే లైసెన్సుతో ఇచ్చారు. 2004లో ప్రభుత్వరంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని 'అమిడా' పేరుతో తయారుచేసింది. కర్ణాటకలో భూమి రికార్డుల పనికి కూడా వాడారు. అనుకున్నంతగా అమ్ముడు పోలేదు. అయినా పేదవాడి చేతిలోకి తెరిచిన కంప్యూటరు ఇవ్వాలని ముందుగా తలచినవారిలో మనవారున్నారు.

లోపాలు కూడా చెప్పాలి కదా. స్టీమ్ డెక్‌లో అన్నీ తెరిచినవి కావు. ఆటలు అమ్మే స్టీమ్ అంగడి ప్రోగ్రాము కంపెనీ సొంతం. డబ్బు కట్టి తీసుకొనేది ఆట కాదు, ఆడుకొనే అనుమతి మాత్రమే. ఆ ముక్కను 2024 అక్టోబరు నుంచి ఆ అంగడివారే చెల్లింపు చేసేచోట రాసి చూపుతున్నారు. ప్రభుత్వ క్వార్టర్సులో ముప్ఫై ఏళ్ళున్నా ఇల్లు మనది కాలేదు గదా, అలాగే. ఇక పెద్ద ఆటలు ఆడితే బ్యాటరీ రెండు గంటలకే దిగిపోవచ్చు. చదువు వేళల్లో దాన్ని బీరువాలో పెట్టే బాధ్యత ఇంటి పెద్దలది. అది ఏ చిప్పూ చేసిపెట్టదు.

కనుక నా మనవి. మనవడు ఏ కంపెనీ యంత్రం అడిగినా, చెక్కు మీద సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. మూత విప్పవచ్చునా? విడిభాగాలు దొరుకుతాయా? ఆటలు కాక వేరే పని చేసుకోవచ్చునా? ఆట మధ్యలో డబ్బు అడుగుతుందా? మొదటి మూడింటికి అవునని, నాలుగోదానికి కాదని జవాబు వస్తే, చదువుకు అడ్డం రాకుండా ఉంటే, అప్పుడు ధర సంగతి ఆలోచించండి. జవాబులు వాడినే వెతికి తెమ్మనండి. ఆ వెతకడంలోనే సగం చదువు ఉంది.