కరువు సీమలో బూజు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి "నువ్వు ఇంజినీరువి కదప్పా, కంప్యూటర్ల గురించో, రోబోల గురించో మాట్లాడు" అన్నారు. నేను బూజు గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత "పది నిమిషాల్లో ముగించు" అన్నారు. అంతకంటే కొంచెం ఎక్కువే పడుతుంది, క్షమించాలి.

1983లో మేము తొమ్మిదో తరగతి. మన బడికి అప్పట్లో ఒకటే మైక్రోస్కోపు. సైన్సు సారు ఒక జొన్నరొట్టె ముక్క మీద నీళ్లు చిలకరించి, టిఫిన్ డబ్బాలో పెట్టి, మూడు రోజుల తరువాత మూత తీశారు. రొట్టె మీద తెల్లటి దూది, దూది మీద నల్లటి చుక్కలు. యాభైమందిమి వరుసగా నిలబడి ఒక కన్ను మూసుకుని చూశాం. నాకైతే ముందు నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. అవే బూజనుకుని "భలే ఉంది సార్" అన్నాను. రెండోసారి చూసినప్పుడు అసలు పోగులు కనిపించాయి. అప్పుడు అడిగాను: "సార్, మన జిల్లాలో వానే లేదు కదా, ఇక్కడ బూజు ఎట్లొస్తాది?" సారు నవ్వి, "తడి ఆకాశం నుంచే రావాలని నీకెవరు చెప్పినారు రా?" అన్నారు. ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ముందు కొంచెం పాఠం. సార్లు ఎదుట కూర్చుని ఉంటే పాఠం చెప్పడం భయమే.

బాక్టీరియా పెరగడమంటే ఒకటి రెండు కావడం, రెండు నాలుగు కావడం. అన్నీ కుదిరితే కొన్ని రకాలు 20 నిమిషాలకొకసారి రెండవుతాయి. అంటే పది గంటల్లో ముప్పై సార్లు. ఒక్కటితో మొదలుపెట్టినా తెల్లారేసరికి 107 కోట్లు. మన అమ్మలు రాత్రి పాలలో తోడు వేసి పడుకుంటే పొద్దున్నే పెరుగు లేవడం వెనక ఉన్నది ఇలాంటి లెక్కే. తోడులోని బాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపు ఎక్కువైతే ఆ బాక్టీరియాకే గిట్టదు. లేకపోతే పెరుగు గిన్నె దాటి వీధిలోకి వచ్చేది.

బూజు పెరుగుదల వేరు. అది పోగు కొసన పెరుగుతుంది. బోరు వేసే బండి రాడ్డు మీద రాడ్డు తగిలిస్తూ లోపలికి దిగినట్టు, పోగు కొస ముందుకు తొలుచుకుపోతుంది. ఇంకో సంగతి: మనం తిని అరిగించుకుంటాం, బూజు అరిగించుకుని తింటుంది. ముందు తన రసాలను బయటికి వదిలి, ఆహారాన్ని కరిగించి, ఆ తరువాత పీల్చుకుంటుంది. తిండి అయిపోతే గాలిలోకి సిద్ధబీజాలను వదులుతుంది. ఎండకూ గాలికీ ఓర్చుకుని అవి నెలల తరబడి కాచుకుని ఉంటాయి. ఓర్పులో మన రైతు కంటే తక్కువేమీ కాదు.

మా తొమ్మిదో తరగతిలో శిలీంధ్రాలంటే పత్రహరితం లేని మొక్కలనే నేర్చుకున్నాం. నిజానికి 1969లోనే విటాకర్ అనే శాస్త్రవేత్త వాటిని మొక్కల నుంచి విడదీసి ప్రత్యేక రాజ్యం ఇచ్చాడు. మన ఊరికి బస్సే ఆలస్యంగా వచ్చేది, కొత్త రాజ్యం కబురు అంతకంటే ఆలస్యంగా వచ్చింది. బూజు కణం గోడలో ఉండే కైటిన్, పురుగుల పెంకులో ఉండేదే. వంశవృక్షంలో చూస్తే పుట్టగొడుగు మునగచెట్టు కంటే మనకే దగ్గరి చుట్టం.

ఈ వర్గీకరణ అంతా పరీక్షల కోసమే అనుకునేవాణ్ణి. 2000వ సంవత్సరం ఖరీఫ్ గుర్తుందా? మన జిల్లాలో లక్షల ఎకరాల్లో శనక్కాయ చెట్టు మొవ్వు ఎండిపోయి, కాండం నల్లబడి చచ్చిపోయింది. చూడగానే తెగులు అంటాం, తెగులు అనగానే మందు కొడతాం. కానీ దాని కారణం బూజు కాదు, బాక్టీరియా కాదు. పొగాకు చారల వైరస్ అని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు. వయ్యారిభామ కలుపు పుప్పొడితో పాటు తామర పురుగులు దాన్ని చేలోకి మోసుకొచ్చాయి. బూజు మందు ఎన్ని డబ్బాలు కొట్టినా వైరస్‌కు ఏమీ కాదు, అప్పు మాత్రం పెరుగుతుంది. చెప్పులు లేకుండా తుమ్మముళ్లలో నడిచే గొర్రెల కాపర్లకు వచ్చే మదురా పాదం అనే జబ్బు కూడా ఇంతే. వాచిన పాదం చూడటానికి ఒకేలా ఉంటుంది. కొందరిలో కారణం బూజు, కొందరిలో పోగులుగా పెరిగే బాక్టీరియా. మొదటిదానికి ఇచ్చే మందు రెండోదానికి పనికిరాదు. జబ్బు ఏ రాజ్యానిదో తెలియకుండా మందు మింగితే కాలే పోవచ్చు.

పోగులుగా పెరిగే బాక్టీరియా అన్నాను కదా, వాటి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ముంగారు తొలి చినుకు ఎర్రనేల మీద పడగానే వచ్చే వాసన మనవాళ్లెవరూ మరచిపోరు. అమెరికాలో ఉన్న నా స్నేహితుడు దానికోసమే జూన్‌లో వస్తానంటాడు. ఆ మట్టి వాసనలో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్. దాన్ని చేసేది స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా. చాలాకాలం వీటిని బూజుల్లోనే కలిపారు. క్షయకు తొలి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో వీటి నుంచే దొరికింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు, అక్కడ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టి నమూనా నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అదీ ఈ జాతిదే. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, అదే ఏడాది సుబ్బారావు గారు కన్నుమూశారు. తరువాత 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. మురుగునీటిని శుద్ధి చేసే వడపోత గుట్టల మీద పెరిగే బూజు అది. ఆయనకు విగ్రహాలు పెట్టడం ఆలస్యమైనా, బూజుల జాబితాలో మన తెలుగు పేరు డెబ్బై ఏళ్లుగా ఉంది.

ఇక శనక్కాయ. మన జిల్లా బతుకంతా దాని మీదే నడిచింది. ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేసేవాళ్లం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట అది బతకడానికి ఒక కారణం దాని వేరులోని బాక్టీరియా. చెట్టు పీకి చూస్తే వేళ్లకు ఆవగింజల్లా బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటే అవి పని చేస్తున్నట్టు. గాలిలోని నత్రజనిని చెట్టుకు ఎరువుగా మార్చి ఇస్తాయి. ఎరుపెందుకంటే, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి పదార్థం అందులో ఉంటుంది. మన నాయనలు యూరియా బస్తాకు అప్పు చేయలేని రోజుల్లో కూడా పంట నిలబెట్టినవి ఈ బుడిపెలే.

అదే చెట్టుకు, అదే మట్టిలో, పగవాడూ ఉన్నాడు. పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, పసుపుపచ్చ బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఏం జబ్బో తెలియక ఎక్స్ జబ్బు అన్నారు. వెతుకుతూ పోతే బ్రెజిల్ నుంచి వచ్చిన శనక్కాయ చెక్క దాణాలో ఈ బూజు విషం దొరికింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లతో చనిపోయారు. దాన్ని పరిశోధించి లోకానికి చెప్పింది హైదరాబాదు పోషకాహార సంస్థ వాళ్లు. ఒక్కసారిగా చంపేంత మోతాదు అరుదు. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి పోతే కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ముప్పు ఎన్నో రెట్లు. వేయించినా ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు.

ఇప్పుడు మా సారు మాట. ఈ బూజుకు కరువంటేనే ఇష్టం. ఊడలు దిగి కాయ ఊరే చివరి నెలలో పదును ఉంటే, గింజ తనను తాను కాపాడుకునే పదార్థాలు తయారు చేసుకుంటుంది. పదును పోయి నేల వేడెక్కితే గింజకు ఆ శక్తి పోతుంది. అప్పటికి బూజుకు కావలసిన తడి గింజలో ఇంకా ఉంటుంది. వాన లేని ఏడాది బూజు తాగేది గింజలోని నీటినే. తడి ఆకాశం నుంచి రానక్కరలేదని సారు అన్నది ఇదే.

నాకిది పుస్తకంలో తెలియలేదు. నేను బెంగళూరులో గింజలు వేరుచేసే యంత్రాల పనిలో ఉన్నాను. గింజలు జారుతూ వస్తుంటే కెమెరా చూస్తుంది, రంగు మారిన గింజ కనిపించగానే సన్నటి గాలి పిచికారీ కొట్టి పక్కకు తోస్తుంది. ఐరోపాకు నేరుగా తినే శనక్కాయ పంపాలంటే మొత్తం అఫ్లాటాక్సిన్ 4 పీపీబీ దాటకూడదు. అంటే టన్నుకు 4 మిల్లీగ్రాములు. మన దేశంలో చాలాకాలం హద్దు 30. ఒక్క చెడ్డ గింజలో పది లక్షల పీపీబీ దాకా కొలిచిన సందర్భాలున్నాయి. అంటే గింజ బరువులో వెయ్యో వంతు విషమే. గింజ 0.4 గ్రాములనుకుంటే విషం 0.4 మిల్లీగ్రాములు. వంద కిలోల మంచి గింజలను 4 పీపీబీ హద్దుకు చేర్చడానికి ఆ ఒక్కటి చాలు. రెండున్నర లక్షల గింజల్లో ఒకటి! ఆ ఒక్కదాన్ని పట్టుకోగలిగే యంత్రం చేశామని నేను గర్వపడిన మాట నిజం.

ఒకరోజు మన జిల్లాలోనే ఒక మిల్లులో యంత్రం బిగించి, పక్కకు పడిన గింజల బస్తాలు చూసి, "ఇవి ఎక్కడికి పోతాయి?" అని అడిగాను. "గానుగకు సార్. చెక్క ఎనుములకు. కొంచెం బాగున్నవి చిక్కీలకు" అన్నాడు అక్కడి పనివాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. నేను ఐరోపా వాడి పళ్లెంలోంచి తీసిన గింజ మన పిల్లవాడి చేతిలోకి వస్తోంది. నూనెలోకి విషం తక్కువే దిగుతుంది, ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. చెక్క తిన్న ఎనుము పాలలోకి అందులో కొంత రూపం మార్చుకుని వస్తుంది. ఆ పాలనే మనం తోడేసుకుంటాం.

ఆ రాత్రి ఇంటికి పోతే మా అమ్మ చాటలో కాయలు ఒలుస్తోంది. మంచివి విత్తనానికి, రెండో రకం అంగడికి, ముడతలు పడినవి, నల్లబడినవి ఒక గిన్నెలో ఇంటికి. "ఇవి పారేయమ్మా" అన్నాను. "పారేస్తే పాపం రా. ఒక్కో కాయకు ఎంత కష్టపడితిమి! చేదుగా ఉన్నవి పొడిలో వేస్తే తెలీదులే" అంది. మా ఇంట్లో మూడు తరాలు మంచి గింజ అమ్మి చెడ్డ గింజ తిన్నారు. మీ ఇళ్లలో వేరేలా జరిగిందా?

మా నాయన 2009లో కాలేయం జబ్బుతో పోయారు. ఆయన జీవితంలో సారా ముట్టలేదు. ఆసుపత్రిలో "తాగుతాడా?" అని నాలుగుసార్లు అడిగారు. ఏం తింటాడని ఒక్కసారీ అడగలేదు. శనక్కాయే కారణమని నేను చెప్పను. చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఒక్క మనిషి విషయంలో అలా తేల్చడం కుదరదు కూడా. కానీ ఆ గిన్నె నా కళ్ల ముందు నుంచి పోదు.

చేయగలిగినవి కష్టమైనవి కావు. ఊడలు దిగే సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ పెంకు గట్టిపడుతుంది. పీకిన చెట్టును కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టాలి. గలగలమనేదాకా ఎండకుండా వామి వేయకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, గింజ చిట్లకుండా ఉండాలని మిషన్‌లో వేసే ముందు కాయల మీద నీళ్లు చల్లే అలవాటు మానాలి. నెలరోజుల ఎండ పడిన కష్టం ఒక్క బిందెతో పోతుంది. ఈ మాట మన ఊళ్లో మిల్లు నడిపే మా బ్యాచ్ మిత్రుడికి చెప్పాను. వాడు "నీళ్లు చల్లకపోతే నూక ఎక్కువొస్తాది, ఆ నష్టం నువ్విస్తావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే తడపకుండా చిట్లనివ్వకుండా ఒలిచే జల్లెడ ఒకటి తయారు చేస్తున్నాను. రెండుసార్లు విఫలమయ్యాను. మూడోది వచ్చే పంటకు వాడి మిల్లులోనే బిగిస్తాను, నూక నష్టం నాది.

భోజనాలకు పోయేముందు వరండాలో ఒక బల్ల ఉంది, చూడండి. మైక్రోస్కోపు మన సారుదే, అద్దం మార్పించాను. పక్కన మూడు గిన్నెలు పెట్టాను: మొదటిదాంట్లో మంచి గింజలు, రెండోదాంట్లో ముడత గింజలు, మూడోదాంట్లో పసుపుపచ్చ బూజు పట్టినవి. మూడోదాని మీద గాజు మూత ఉంది, దాన్ని ఎవరూ తీయొద్దు. పిల్లలు ముందు చూస్తారు, తరువాత మనం. కనురెప్ప వెంట్రుకలు కనిపిస్తే కంగారు పడొద్దు, కన్ను కొంచెం వెనక్కి తీసి మళ్లీ చూడండి.