వేసవి జాతరలు

మదనపల్లెకు చేరువనున్న హార్స్లీ కొండకు పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. 1870 ప్రాంతమున కడప కలెక్టరు డబ్ల్యూ. డి. హార్స్లీ వేసవి తాపమునకు ఓర్వలేక, నాలుగు వేల అడుగులకు పైబడిన ఈ కొండపై ఇల్లు కట్టించుకొనెను. కొండ యెక్కుటకు తీరిక లేని దిగువ పల్లెల జనులు అదే తాపమును మరొక విధమున ఎదుర్కొనుచు వచ్చిరి. అదియే గంగమ్మ జాతర.

పుంగనూరులో సుగుటూరు గంగమ్మకును, కుప్పములో ప్రసన్న తిరుపతి గంగమ్మకును, తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకును జాతరలు ఎండలు ముదురు దినములలోనే జరుగును. చెరువులు ఎండునది, అమ్మవారు పోయునని జనులు భయపడునది అప్పుడే గదా! వానలకు ముందు ఊరు చల్లబడవలెను. కనుకనే వేపమండలు, పసుపునీళ్లు, అంబలి, పొంగళ్లు. తిరుపతిలో పురుషులు స్త్రీవేషములు ధరించి మ్రొక్కు తీర్చుకొందురు. తుదినాడు మట్టితో తీర్చిన విశ్వరూపమును విడదీయగా, ఆ మట్టిని భక్తులు ప్రసాదముగా కొనిపోదురు.

ఇట్టి ఋతుపర్వములు మనకే పరిమితములు కావు. బ్రిటనులో మంత్రవిద్యను గూర్చిన పాత చట్టము 1951లో రద్దయిన పిమ్మట, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ ఒక గ్రంథము ప్రకటించి, నేడు విక్కా అనబడు మతమును లోకమునకు తెలిపెను. వారికి ఏటికి ఎనిమిది పండుగలు: అయనముల మార్పునకు రెండు, రాత్రియు పగలును సమమగు దినములకు రెండు, వాని నడుమ నాలుగు. మే 1వ తేదీన బెల్టేన్ పండుగకు నెగళ్లు రగిల్చి వేసవిని ఆహ్వానింతురు. మనము అదే మే నెలలో అంబలి పోసి వేసవిని చల్లార్చుదుము. చలిదేశమునకు ఎండ వరము. రాయలసీమకు వాన వరము.

వారిలో పలువురు తమను మంత్రగత్తెలమని బాహాటముగా చెప్పుకొందురు. ఉరికొయ్యల కాలము గతించినందుననే వారికది సాధ్యమయ్యెను. మన దేశములో చేతబడి నెపమున అమాయకులను హింసించుట నేటికిని సమసిపోలేదు. బీహారు 1999లోను, ఝార్ఖండ్ 2001లోను ఇందుకై ప్రత్యేక చట్టములు తేవలసి వచ్చెను.

జాతరకును, చేతబడి అనుమానమునకును వెనుక నున్నది ఒకే రోగభయము. జాతర ఆ భయమును ఊరందరిచే పంచుకొనజేసి అమ్మ ముందుంచును. అనుమానము దానిని దిక్కులేని ఒక్క స్త్రీ తలపై మోపును. మనము ఎంచుకొనవలసినది ఈ రెండింటి నడుమనే.

మశూచికము భూమిపై లేకుండ పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. అది టీకాల విజయము. జాతర మాత్రము నిలిచినది. ఊరు ఒకచోట గూడుట రోగమున్నను లేకున్నను వలసినదే. కావున జ్వరము వచ్చినచో వైద్యుని పిలువుడు. జాతర వచ్చినచో పొరుగింటి ఒంటరి ముసలమ్మను మరువక పిలువుడు.