బిడ్డల రక్షణ – తల్లిదండ్రుల మీద చట్టం పెట్టిన బాధ్యత
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)

నేను ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో ఉర్దూ కాస్త ఎక్కువే దొర్లుతుంది, సర్దుకుని వినండి.

పిల్లకు పదహారేళ్లు వచ్చాయి, తానూ ఒప్పుకుంది, పెద్దలూ ఒప్పుకున్నారు, ఇక సర్కారుకేం పని అని మనలో చాలామంది అంటారు. చట్టం అలా చూడదు. 1860లో ఈ వయసు పదేళ్లే. 1891లో పన్నెండు చేశారు, 1949లో పదహారు చేశారు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివారు, ఆడైనా మగైనా, బిడ్డ కిందే లెక్క. బిడ్డ 'సరే' అన్నదన్న మాట కోర్టులో చెల్లదు.

బిడ్డపై అఘాయిత్యం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టం 19వ సెక్షను. చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇందులో తల్లికీ తండ్రికీ మినహాయింపు లేదు. మా పంతుళ్లకూ లేదు.

మరి మన ఇళ్లలో జరిగేదేమిటి? చేసినవాడు తరచుగా తెలిసినవాడే, ఒక్కోసారి చుట్టమే. 'ఇజ్జత్ పోతుంది, నోరెత్తకు' అని బిడ్డనే గదమాయిస్తాం. లేదా నలుగురు పెద్దలు కూర్చుని వాడితోనే నిఖా చేసి, సులహ్ అయిపోయిందంటారు. అయ్యా, అది సులహ్ కాదు, రెండో నేరం! 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద, అలాంటి పెళ్లి చేసినా, చూస్తూ ఆపకపోయినా తండ్రికి రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. తల్లికి జైలు లేదు గాని జరిమానా ఉంది.

'మన షరియత్ వేరు కదా మాస్టర్ సాబ్' అంటారు. నిఖా చెల్లుతుందా లేదా అన్న వాదన వకీళ్లకు వదలండి. నిఖా అయినంత మాత్రాన పోక్సో తప్పదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. 18 లోపు భార్యతో కాపురం కూడా అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పు.

ఠాణా మెట్లెక్కాలంటే భయమా? బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. సాధ్యమైనంత వరకు మహిళా ఎస్సై, అదీ యూనిఫారం లేకుండా రావాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచరాదు. పేరు పత్రికలకెక్కించరాదు. 1098కి ఫోను చేసినా చాలు.

ఇక వయసు రుజువు. బడిలో చేర్చేటప్పుడు 'ఏదో ఒక తేదీ రాసుకోండి సాబ్' అంటారు చూడండి, రేపు కోర్టు ముందుగా అడిగేది ఆ బడి ధ్రువపత్రమో, పదో తరగతి సర్టిఫికెట్టో. అవి లేకపోతేనే మునిసిపాలిటీ లేక పంచాయతీ జనన పత్రం, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. కనుక జూన్‌లో పిల్లల్ని చేర్చడానికి వచ్చేవారు జనన పత్రం వెంట తీసుకురండి. లేనివారు ముందే వస్తే, దరఖాస్తు నేనే రాసిపెడతాను.