జీవకణం ఒత్తిడి - మన బిడ్డల మనోవికాసం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిలిస్తే పలకని బిడ్డ, కళ్ళలోకి చూడని బిడ్డ, రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలపలేని బిడ్డ ఉన్న ఇంట్లో మొదటి నింద తల్లిమీదే పడుతుంది. "కడుపుతో ఉండగా ఏం తిన్నదో", "నజర్ తగిలింది" అంటాం. ఆటిజం అనే ఈ స్థితిని 1943లో లియో కానర్ అనే వైద్యుడు వర్ణించాడు. ఆ తర్వాత కొంతకాలం వైద్యులు సైతం తల్లి ప్రేమ చాలకనే ఇలా అవుతుందన్నారు. అది తప్పని తేలిపోయింది. ఇందులో జన్యువుల పాత్రే పెద్దది.

మరి కణంలో జరిగేదేమిటి? 1986 ఆగస్టులో వచ్చినట్టు గోదావరికి వరద వస్తే మనమేం చేస్తాం? పొలం పని ఆపి ఏటిగట్టు కాస్తాం. కణమూ అంతే. ఆపద వస్తే మాంసకృత్తుల తయారీ తగ్గించి మరమ్మతుకు దిగుతుంది. అది మేలే. కాని వరద తీశాక కూడా గట్టుమీదే కూర్చుంటే నారు పోసేదెవరు? ఎదిగే మెదడులో కణం అలా ఆపదలోనే ఉండిపోతే నరాల మధ్య సంబంధాలు సరిగా కుదరకపోవచ్చు. డౌన్ సిండ్రోమ్ లక్షణాలున్న ఎలుకలలో ఈ ఆపద సంకేతాన్ని అణచగా జ్ఞాపకశక్తి మెరుగైందని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆటిజం ఉన్న పిల్లల రక్తంలో, కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ తక్కువగా ఉందని 2004లో అమెరికాలో ఒక పరిశోధన తెలిపింది.

అయితే ఒక్క మనవి. ఈ ఒత్తిడి ఆటిజానికి కారణమో, ఫలితమో ఇంకా తేలలేదు. బ్రోకలీ మొలకల నుంచి తీసిన సల్ఫోరఫేన్ 2014 నాటి పరీక్షలో కొందరికి మేలు చేసింది. తర్వాతి పరీక్షలన్నింటిలో ఆ ఫలితం రాలేదు. ఎలుక కోలుకుంటే మనకు మందు దొరికినట్టు కాదు. "ఆటిజం తగ్గించే పొడి" అంటూ ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. టీకాలు మానకండి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, అచ్చువేసిన పత్రికే 2010లో ఉపసంహరించుకొంది.

మన చేతిలో ఉన్నది కాలం. మెదడు లేతగా ఉన్నప్పుడే మాట, ఆట, పని నేర్పించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. బుద్ధిమాంద్యం గల పిల్లలకోసం 1984లో సికింద్రాబాదులో నెలకొన్న జాతీయ సంస్థ తల్లిదండ్రులకూ తర్ఫీదు ఇస్తుంది. 2016 చట్టం ఆటిజాన్ని వైకల్యాల్లో చేర్చింది. ధ్రువపత్రం ఉంటే నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా పొందవచ్చు.

కాబట్టి మన సంఘ సభ్యులకు నా విన్నపం ఒక్కటే. అమలాపురంలోగాని, రాజోలులోగాని, కొత్తపేటలోగాని బిడ్డకు మాట ఆలస్యమైన ఇల్లు తెలిస్తే ఆ తల్లిని నిందించకండి. ప్రభుత్వ ఆస్పత్రిదాకా ఆమెకు తోడు వెళ్ళండి.