నోరు విప్పని మనిషి

ఉత్తర కుమార ప్రగల్భములంటే మనమందరము నవ్వుతాము. అంతఃపురములో స్త్రీల యెదుట కౌరవసేనను చెండాడెదనన్న ఆ రాకుమారుడు, సేన కంటబడగానే రథము దిగి పరుగెత్తినాడు. అయితే ఆ కథలో మనము అంతగా తలచుకొనని భాగమొకటి ఉన్నది. గోవులు తిరిగి వచ్చిన తరువాత, గెలిచినది తన కుమారుడేనని విరాటరాజు పొంగిపోయినాడు. బృహన్నల తోడుండగా గెలుపులో వింతయేమున్నదన్న కంకుభట్టును పాచికతో కొట్టి రక్తము చిందించినాడు. తీరా ఉత్తరుడు వచ్చి, గెలిచినది తాను కాదు, ఒక దేవకుమారుడని చెప్పినాడు. కీర్తి చేతికందుచున్నా ఆ పిరికివాడు దానిని పుచ్చుకొనలేదు.

చేతికందిన కీర్తిని పుచ్చుకొన్న మనిషి ఒకడు కెనడాలో ఉండెడివాడు. పేరు జార్జ్ డుప్రే, ఊరు కాల్గరీ. రెండవ ప్రపంచయుద్ధములో తాను బ్రిటిషు గూఢచారినై జర్మనుల ఆక్రమణలోనున్న ఫ్రాన్సులో పనిచేసినాననీ, ఒక పల్లెలో మందబుద్ధివలె నటించినాననీ, జర్మను రహస్య పోలీసులు ఘోరమైన చిత్రహింసలు పెట్టినా తోటివారి గుట్టు చెప్పలేదనీ, దైవభక్తియే తనను నిలిపినదనీ అతడు సభలలో చెప్పుచుండెడివాడు. క్వెంటిన్ రెనాల్డ్స్ అను ప్రసిద్ధ అమెరికన్ యుద్ధవిలేఖరి ఈ వృత్తాంతమును పుస్తకముగా వ్రాసినాడు. 'ది మాన్ హూ వుడంట్ టాక్', అనగా నోరు విప్పని మనిషి, అని పేరు పెట్టినాడు. 1953లో రాండమ్ హౌస్ వారు దానిని యథార్థగాథగా ప్రచురించినారు. రీడర్స్ డైజెస్ట్ సంక్షిప్తముగా అచ్చువేసినది.

యుద్ధమును కండ్లార చూచిన విలేఖరి ఎట్లు మోసపోయినాడు? గూఢచారి కథకు సాక్షులు దొరకరు. దస్త్రములు ఎవరికిని చూపరు. ఏమడిగినను 'అది రహస్యము' అన్నచో చాలును. ఇక ఆధారము లేకపోవుటయే ఆధారమై కూర్చుండును. పైగా చెప్పువాడు వినయశీలి, భక్తుడు, బాధలు పడినవాడు. అట్టివానిని గ్రుచ్చి గ్రుచ్చి అడుగుటకు ఎవరికి నోరు వచ్చును? రేడియోలో పనిచేయు మావంటివారికి ఈ బలహీనత మరికొంత హెచ్చు. నిదానమైన కంఠముతో, తడబాటు లేక చెప్పిన అనుభవమును శంకించుటకు మాకు మనసొప్పదు.

యుద్ధకాలమున డుప్రేను ఎరిగినవారు ఉన్నారన్న సంగతి మాత్రము అతడు మరచినాడు. కాల్గరీ హెరాల్డ్ పత్రికకు అనుమానము కలిగినది. ఆ పత్రిక విలేఖరి డగ్లస్ కాలిన్స్ స్వయముగా జర్మనుల చెరనుండి పలుమార్లు తప్పించుకొన్న సైనికుడు. అతడు డుప్రేతో మాటలు కలిపి, లోకములో లేని అధికారుల పేర్లు కొన్ని కల్పించి, వారిని ఎరుగుదువా అని అడిగినాడు. ఎరుగుదునన్నాడు డుప్రే! 1953 నవంబరులో నిజము ఒప్పుకొన్నాడు. అతడు కెనడా వైమానికదళములో పనిచేసిన మాట వాస్తవమే. ఫ్రాన్సులో గూఢచర్యము మాత్రము కట్టుకథ. ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్ ఆ పుస్తకమును యథార్థ రచనల వరుసనుండి కల్పనాసాహిత్యములోనికి మార్చినాడు.

ఇంతవరకు వినోదముగానే ఉన్నది. కాని ఇట్టి బొంకు బయటపడినప్పుడు జనుల శంక ఆ ఒక్కనితో ఆగదు. నిజముగా నోరు విప్పనివారి మీదికి కూడ పోవును. టిప్పు సుల్తాను వంశమునకు చెందిన నూర్ ఇనాయత్ ఖాన్ 1943లో పారిస్ నగరమున బ్రిటిషువారి కొరకు రహస్యముగా వైర్‌లెస్ నడిపినది. పట్టుబడిన తరువాత సంకెలలో మాసములు గడిపి, విచారణలో తోటివారి సంగతి చెప్పక, 1944 సెప్టెంబరు 13న డాకౌ శిబిరములో తుపాకిగుండుకు బలియైనది. అప్పటికి ఆమెకు 30 ఏండ్లు. ఏ సభలోను ఆమె తన కథ చెప్పలేదు. డుప్రే పుస్తకమునకు ఏడాది ముందు, 1952లో, ఆమె స్నేహితురాలు జీన్ ఓవర్టన్ ఫుల్లర్ ఆమె జీవితచరిత్రను ప్రకటించినది. నూర్‌ను ఎరిగి బ్రతికి బయటపడినవారిని వెదకి, ఒక్కొక్కరిని అడిగి తెలిసికొని ఆ పుస్తకమును వ్రాసినది.