అందరినీ కలుపుకొని నడిపే నాయకత్వం: మార్లవాయి నుండి మన హాస్టళ్ల దాకా



పనిచేసే చోట అందరినీ కలుపుకొని పోయే నాయకత్వం గురించి చెప్పమన్నారు. మేము హాస్టల్ వార్డెన్లం. మాకు నాయకత్వమంటే స్టోర్ రూమ్ తాళంచెవి, హాజరు రిజిస్టరు. అక్కడి నుండే మాట్లాడతాం. అయితే ముందు మనం కూర్చున్న ఈ ఉస్మానియా క్యాంపస్‌కు చెందిన ఒక సంగతి.

1940లలో ఇక్కడ హైమన్‌డార్ఫ్ గారు మానవశాస్త్ర ఆచార్యులు. నిజాం సర్కారుకు గిరిజన వ్యవహారాల సలహాదారు కూడా. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాకే గోండుల బాధ ఏమిటో తెలుసుకోవాలని సర్కారుకు తోచింది. పైవాళ్లు దయతలచి వినలేదు, భీం వినేలా చేశాడు. ఇది మరవొద్దు.

హైమన్‌డార్ఫ్ గారు, భార్య బెట్టీ గారు మార్లవాయిలో గోండుల మధ్యే ఉన్నారు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. మేమూ టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లమే కాబట్టి ఆ కేంద్రమంటే మాకు ప్రత్యేకమైన అభిమానం. చదువుకున్న గోండులు అప్పుడు బహు కొద్దిమంది. బయటి టీచర్లను పంపడం సర్కారుకు సులువు. అలా కాకుండా గోండు యువకులనే ఎంచి, గోండిలోనే వాచకాలు తయారుచేసి, వాళ్లనే పంతుళ్లను చేశారు. బెట్టీ గారు 1987లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది.

2000 జనవరిలో వచ్చిన జీవో 3 ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. నూటికి నూరు శాతం చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టం సంగతి లాయర్లు చూస్తారు. మా ప్రశ్న తరగతి గదిది. ఒకటో తరగతి పిల్ల కడుపు నొస్తోందని గోండిలోనో, కోయలోనో, గోర్‌బోలిలోనో చెబితే అర్థమయ్యే పెద్ద మనిషి ఆ బడిలో ఎవరు?

చాలాచోట్ల ఆ మనిషి వంటక్క. ఎవరు అన్నం సగం వదిలేశారో కామాటికి తెలుసు. రాత్రి గేటు దగ్గర ఎవరు ఏడ్చారో వాచ్‌మన్‌కు తెలుసు. మీటింగులో మాత్రం వాళ్లు టీ ఇచ్చి వెళ్లిపోతారు. పై ఆఫీసుకు పోతే మా గతీ అంతే. ఒకచోట మమ్మల్ని రెండు గంటలు వరండాలో నిలబెట్టి, ఎంతమంది పిల్లలు తగ్గారని అడిగి పంపేశారు. ఎందుకు తగ్గారని అడగలేదు. పత్తి ఏరడానికి పోయారు. వంటక్కను అడిగినా చెప్పేది.

అందుకే మాలో కొందరం నెలలో మొదటి శుక్రవారం సాయంత్రం చాపలు పరిచి అందరం కూర్చుంటున్నాం. వంటక్క, కామాటి, వాచ్‌మన్, మెస్ కమిటీ పిల్లలు. వార్డెన్ చివర మాట్లాడాలి. ముందే మాట్లాడితే తక్కినవాళ్లు "అవును మేడమ్" అంటారు, అయిపోతుంది. ఒక హాస్టల్లో రెండు నెలలు ఎవరూ నోరు విప్పలేదు. మూడో నెల కామాటి అన్నది: "సబ్బులు శనివారం ఇయ్యకండి మేడమ్, పిల్లలు ఊరికి పట్టుకపోయి తమ్ముళ్లకిస్తున్నరు." ఆ మాట ఏ సర్క్యులర్‌లో దొరుకుతుంది? ఇప్పుడు సోమవారం ఇస్తున్నాం.

పిలిచి వినడం ఒక్కటే చాలదు కూడా. నెలల తరబడి జీతం అందని వంటక్కను చాప మీద కూర్చోబెట్టి నీ అభిప్రాయం చెప్పమ్మా అనడానికి నోరు రాదు. ఆమె అభిప్రాయం ఆ జీతమే.

ఇక్కడున్న చెల్లెళ్లు, తమ్ముళ్లలో కొందరు రేపు గ్రూప్స్ రాసి ఆ బిల్లుల మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటారు. మా ఫైలు వచ్చిన రోజు ముందు వంటక్క జీతం బిల్లు తీయండి. మా మెమోల సంగతి తర్వాత చూడొచ్చు.

సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే సభకు మా వంటక్కలను, కామాటీలను కూడా పిలవండి. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు హాస్టళ్లలో చికెన్, వాళ్లకు ఊపిరాడదు. రెండో శనివారం పెట్టండి. తార్నాక దాకా మేమే బస్సులో తీసుకొస్తాం.